బోర్లేసిన వీరుడి ఆచూకీ

ఐదు రోజులు, మూడు జిల్లాలు, ముప్పై స్థలాలు. తిరిగొచ్చాక అందరూ ఒకటే అడుగుతున్నారు, ఏమేం చూశావని. చూసినవన్నీ చెప్తాను. తిన్నవి, తిట్లు తిన్నవి కూడా దాచకుండా చెప్తాను. ఒక్క ఊరి పేరు మాత్రం చెప్పను. ఎందుకు చెప్పనో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది, మధ్యలో అడిగి నన్ను విసిగించకండి.

ముందు నేనెవరో చెప్పాలి కదా. మాది జనగామ. చరిత్రలో ఎమ్మే చేశాను. చేసినప్పుడు మా నాన్న ఊరంతా పేడాలు పంచాడు, ఏ ధైర్యంతో పంచాడో ఇప్పటికీ అర్థం కాదు. మొదటి కొలువు ప్రైవేటు బడిలో. చరిత్ర చెప్పమని తీసుకుని, లెక్కల సారు మానేశాడని లెక్కలు చెప్పించారు. తర్వాత గ్రూప్స్ కోచింగ్ సెంటర్లో చరిత్రను ముక్కలు ముక్కలుగా కోసి, నాలుగు ఆప్షన్లు పెట్టి అమ్మాను. ఆపైన బీమా పాలసీలు. మా మేనత్తకు, ముగ్గురు పిన్నులకు పాలసీలు కట్టించాక చుట్టాలు అయిపోయారు, ఉద్యోగం కూడా అయిపోయింది. హైదరాబాదులో ఫోన్ల కంపెనీ కస్టమర్ కేర్‌లో ఏడాది కూర్చున్నాను. "జర లైన్ల ఉండండి సార్" అని నోరు జారితే, అవతల కోస్తా పెద్దమనిషి "అమ్మా, తెలుగు వచ్చినవాళ్ళకు ఫోనివ్వండి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పెట్టేశాను, ఫోనూ ఉద్యోగమూ రెండూ.

పెళ్ళయ్యాక మా ఆయన సతీష్ ఫ్లెక్సీ షాపులో నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలకు విశేషణాలు రాసిపెట్టాను. కాకతీయుల శాసనాలు చదివిన అనుభవం అక్కడ బాగా అక్కరకొచ్చింది. బిరుదులు అవే, మీసాలు కూడా ఇంచుమించు అవే.

ముప్పై ఎనిమిదో ఏట ఈ కొలువు దొరికింది. సాంస్కృతిక వారసత్వాన్ని మ్యాపులోకి ఎక్కించే ఒక సంస్థ. పేరెందుకు లెండి. వాళ్ళ యాప్ నా ఫోన్లో వేసి, మూడు జిల్లాల్లో ముప్పై స్థలాలు నమోదు చేయమన్నారు. వాటిలో ఒక్కటైనా ఇంతవరకు ఎవరూ ఎక్కించనిది ఉంటే కొలువు పర్మనెంటు. లేకపోతే మార్చి ఆఖరుకు దండం పెట్టి ఇంటికి. చదివిన చదువుకు తగిన ఉద్యోగం పదిహేనేళ్ళలో ఇదొక్కటే వచ్చింది. దీన్ని వదులుకునే ఉద్దేశం నాకు ఎంతమాత్రం లేదు.

జనగామ పక్కన: ఒక గల్లీ నిండా ఆఖరివాళ్ళు

మొదటి రోజు ఇంటికి దగ్గర్లోనే, ఇత్తడి పని చేసే ఒక ఊరికి పోయాను. గల్లీలోకి అడుగు పెట్టకముందే సుత్తి చప్పుడు వినిపిస్తుంది. శంకరన్న అనే ఆయన గుమ్మం ముందు కూర్చుని రేకు మీద నెమలి ఈకలు ఒక్కొక్కటే చెక్కుతున్నాడు. చూస్తూ ఉంటే అన్నం కూడా గుర్తుకు రాదు. కానీ యాప్‌కు నెమలి అక్కర్లేదు. దాని మొదటి ప్రశ్న: ఈ కళలో మీరే ఆఖరి కళాకారుడా? అవును, కాదు.

"అవును అంటే ఏమొస్తది చెల్లె?" అన్నాడు శంకరన్న.

"తెల్వదన్నా. ఏమన్న రావచ్చు."

"కాదు అంటే?"

"కాదంటే ఫారం ఆడికే బందయితది."

"అయితే అవును కొట్టు."

కొట్టాను. ఎదురింటాయన చూశాడు. ఆయనా తానే ఆఖరివాడినన్నాడు. మధ్యాహ్నానికి ఆ గల్లీలో ఆఖరి కళాకారులు ఏడుగురు తేలారు. ఏడో ఆయన పక్కనే ఆయన కోడలు దీపపు సెమ్మెకు మెరుగు పెడుతోంది. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. ఆమె పేరు రాద్దామంటే కళాకారుడి భార్య, కళాకారుడి తల్లి అని రెండే గడులున్నాయి. కోడలికి గడి లేదు. ఆమె నవ్వి, నాకు చాయ్ తెచ్చిచ్చింది. మా ఇంట్లో చాయ్‌లో చక్కెర వేస్తాం, అక్కడ చక్కెరలో చాయ్ వేస్తారు.

రైల్లో మిర్చి, మానుకోటలో తుమ్ములు

రెండో రోజు పొద్దున ప్యాసింజరు ఎక్కాను, కాజీపేట మీదుగా మహబూబాబాద్‌కు. బోర్డుల మీదే మహబూబాబాద్, మనుషుల నోట్లో మానుకోట. స్టేషన్ బయట "మహబూబాబాద్ బస్టాండుకు వస్తారా" అని అడిగితే ఆటో అన్న నన్ను పైనుంచి కిందికి చూసి, "హైదరాబాద్ నుంచి వచ్చినవా అక్కా?" అన్నాడు. జనగామ అంటే నమ్మలేదు.

మిర్చి కాలం అది. రైల్లో నా పక్కన కూర్చున్నామె సంచిలో ఎండుమిర్చి ఉంది. అందరం వరసగా తుమ్ముతున్నాం, ఆమె తప్ప. "అలవాటైతది బిడ్డా, రెండు స్టేషన్లు ఓపిక పట్టు" అని ధైర్యం చెప్పింది. నాకు అలవాటు కాలేదు. ఊళ్ళో దిగాక కూడా బజారంతా అదే ఘాటు. మిర్చి బజ్జీలు ప్లేటు ముప్పై రూపాయలు, జనగామలో కంటే ఐదు ఎక్కువ, కానీ ఒక్క బజ్జీ మా రెండింటికి సమానం. తుమ్ముతూనే రెండో ప్లేటు చెప్పాను.

అప్పుడే మా ఆయన ఫోటో పంపాడు. మా ఇంటి పెరట్లో బట్టలుతికే బండ, దాని పక్కన నీళ్ళు కారుతున్న నల్లా. కింద ఒక వాక్యం: "నువ్వు దేశాన్ని ఉద్ధరించు, నేను వాషర్ ఎక్కడ దొరుకుతదో చూస్త." జవాబివ్వలేదు. కానీ ఆ ఫోటో ఫోన్లో ఉండిపోయింది, దాని సంగతి తర్వాత వస్తుంది.

తండా: ముప్పై సెకన్ల ఏడుపు

మానుకోట నుంచి షేర్ ఆటోలో నెల్లికుదురు వైపు పోయి, దారిలో ఒక లంబాడి తండాలో దిగాను. పేరు అడగకముందే నీళ్ళిచ్చారు. మా వైపైతే ఎవరింటి పిల్లవో, ఎవరికిచ్చారో తేలాక గానీ చెంబు చేతికి రాదు. జమ్లీ బాయి అనే పెద్దావిడ మిర్చి ఆరబోస్తూ నాతో మాట్లాడింది. నాతో తెలుగు, కోడళ్ళతో తమ భాష, మేకలతో ఇంకేదో. అమ్మను వాళ్ళు యాడి అంటారని తెలిసి నేనూ అలాగే పిలిచాను.

వాళ్ళ పెళ్ళిలో పిల్ల అత్తారింటికి పోయేముందు తల్లిని, అక్కచెల్లెళ్ళను పట్టుకుని ఏడుస్తూ ఒక పాట పాడుతుంది. నాకు అది కావాలి. యాప్‌లో సంప్రదాయ గానానికి ముప్పై సెకన్లు ఇచ్చారు.

"యాడీ, జర ఆ పాట పాడుతవా? ముప్పై సెకండ్లు చాలు."

ఆమె మిర్చి వదిలేసి నన్ను చూసింది. "పెండ్లి ఎవరిది?"

"పెండ్లి లేదు. ఊకెనే."

"ఊకెనే ఎట్ల ఏడుస్తరు బిడ్డా? ఇంట్ల పిల్ల పోతలేదు, ఏంలేదు. మంచిదా అట్ల ఏడ్సుడు? నేను పోయేనాడు పొద్దుగాల మొదలుపెడితే ఎండ తల మీదికొచ్చేదాక ఏడ్సిన. మా అవ్వను పట్టుకుంటే ఇడువలే. ముప్పై సెకండ్లల్ల ఏం ఏడుస్తరు, చీమ కుట్టిందా?"

 రికార్డు ఆపుదామనుకునేలోపే మేక ఒకటి ఆరబోసిన మిర్చిలోకి దూరింది. జమ్లీ బాయి లేచి, వాళ్ళ భాషలో, దాని ఏడు తరాలనూ తడుముతూ గొంతెత్తింది. సరిగ్గా ముప్పై సెకన్లు కాగానే యాప్ దానంతటదే సేవ్ చేసుకుంది. మధ్యాహ్నం ఆమె పెట్టిన జొన్నరొట్టె, పుంటికూర పచ్చడి (అదే, గోంగూర) తిని కదిలాను. సాయంత్రం హైదరాబాదు నుంచి మా సమన్వయకర్త సారు వాయిస్ మెసేజ్ పెట్టారు. "అద్భుతమండీ! ఆ గొంతులో వేదన విన్నారా? కన్నతల్లిని విడిచిపోయే ఆడపిల్ల ఆర్తి!"

అది మేక అని చెప్పే ధైర్యం నాకు లేదు. పర్మనెంటు కావాలి కదా.

నెల్లికుదురు: గర్వం ఎంత?

మూడో రోజు నెల్లికుదురు చుట్టుపక్కలే తిరిగాను. ఫోను పట్టుకున్న ఆడమనిషి ఊళ్ళోకి వస్తే స్కీము వచ్చినట్టే లెక్క. ఒక ఊళ్ళో పాడుబడ్డ గడిని ఫోటో తీస్తున్నాను. గడి అంటే వెనకటి దొరల కోటలాంటి ఇల్లు. వెనక్కి తిరిగి చూస్తే పదకొండు మంది వరసగా నిలబడ్డారు, చేతుల్లో ఆధార్ జిరాక్సులతో.

"ఇండ్ల స్కీమా అక్కా, పింఛనా?"

"ఏదీ కాదన్నా. పాత కట్టడాలు రాసుకుంటున్న."

"మా ఇల్లు గూడ పాతదే" అన్నాడు ముందున్నాయన. వెనకాల ఉన్నామె "మాది కూలిపోయింది గూడ" అని అందుకుంది. న్యాయమే. జిరాక్సులు తీసుకోనంటే బాధపడ్డారు, అందుకని తీసుకున్నాను. అవి ఇప్పటికీ నా బ్యాగులోనే ఉన్నాయి, ఎవరికివ్వాలో తెలియదు.

వాళ్ళు వెళ్ళాక మల్లయ్య తాత ఒక్కడు మిగిలాడు. కర్ర మీద గడ్డం ఆనించి నన్ను గమనిస్తున్నాడు. యాప్‌లో గడికి "రాజభవనం" అని ఒకటే గడి ఉంది, అది నొక్కాను. తర్వాతి ప్రశ్న: ఈ కట్టడం పట్ల స్థానికుల గర్వం ఎంత? ఒకటి నుంచి ఐదు దాకా.

"తాతా, ఈ గడి మీ ఊళ్ళె ఉన్నందుకు నీకు ఎంత గర్వం? ఒకటి అంటే తక్కువ, ఐదు అంటే మస్తు."

తాత గడి వైపు కాసేపు చూశాడు. "మా నాయిన ఈ గోడలకు రాళ్ళు మోసిండు. కూలి లేదు, వెట్టి. నడుము ఇరిగి మంచాన పడ్డడు. గా అరుగు మీద మేం చెప్పులేసుకొని నడువద్దు. సున్న లేదా బిడ్డా?"

"లేదు తాతా. ఒకటి నుంచే."

"సున్న పెట్టుమని చెప్పు నీ సార్లకు."

ఒకటి నొక్కితే "దయచేసి కారణం తెలపండి" అని వచ్చింది. తాత చెప్పినదంతా రాశాను. "గరిష్ఠంగా ఇరవై అక్షరాలు" అంది యాప్. "నడుము ఇరిగింది" అని మాత్రం పట్టింది. వివరం చేర్చమని సారుకు ఫోన్ చేస్తే, "నెగెటివ్ వద్దండీ, మ్యాపు పర్యాటకుల కోసం" అన్నారు. తాత ముందు తలెత్తుకోలేకపోయాను. ఆయనేమో నా మొహం చూసి జాలిపడి, "నువ్వేం జేస్తవ్ బిడ్డా, నీది గూడ కొలువే గద" అని పెసరకాయలు దోసిలి నిండా ఇచ్చాడు.

ఘనపూర్ వైపు: బట్టలుతికే బండ

నాలుగో రోజుకు ఇరవై తొమ్మిది అయ్యాయి. కానీ కొత్తది ఒక్కటీ లేదు. భూపాలపల్లి వైపున్న ఘనపూర్‌లో కాకతీయుల నాటి గుళ్ళు చూసి కళ్ళు నిండిపోయాయి. ఏం లాభం, అవి అప్పటికే మ్యాపులో నాలుగుసార్లు ఉన్నాయి, నాలుగు చోట్ల, అందులో ఒకటి వాగులో. గుండె బరువెక్కి, కాలినడకన చెలకల, అంటే మెట్ట పొలాల, వెంబడి పడ్డాను. ఇక్కడినుంచి ఊరి పేరు అడక్కండి.

ఎండ బాగా ఎక్కాక చెప్పు తెగింది. ఒక చెలక దగ్గర బోరు పక్కన పెద్దావిడ బట్టలుతుకుతుంటే నీళ్ళడిగాను. ఆమె పేరు రాజవ్వ. నీళ్ళిచ్చి, తన గాజుకు వేలాడుతున్న పిన్నీసుల గుత్తిలోంచి ఒకటి తీసి, "చెప్పుకు కుచ్చుకో" అని, ఉతికిన చీర ఆరేయడానికి కంచె వైపు పోయింది. నేను ఆమె బట్టలుతికే బండ పక్కన కూలబడి, ఆసరాకు చెయ్యి బండ కిందికి పోనిచ్చాను. వేళ్ళకు గుర్రం కాలు తగిలింది.

గుర్రం కాలేనని ఎలా తెలుసంటారా? పదిహేనేళ్ళు లెక్కలు చెప్పినా, పాలసీలు అమ్మినా, ఎమ్మే వేళ్ళలోనే ఉండిపోయింది. బండ కింద నాలుగు మూలలా ఇటుకలున్నాయి, జానెడు సందు ఉంది. ఫోను లోపలికి దూర్చి ఫ్లాష్‌తో ఫోటో తీశాను.  గుర్రం మీద మనిషి, ఎత్తిన కత్తి, కింద వరసగా ఆవులు. వీరగల్లు! పోరాటంలో చనిపోయినవాళ్ళ పేరిట వెనకటివాళ్ళు నిలబెట్టే చెక్కుడు రాయి. గబగబా వివరణ రాశాను: "అరుదైన వీరగల్లు, బోర్లా ఉంది, బట్టలుతికే బండగా వాడుతున్నారు, శిల్పం కింది వైపు చెక్కుచెదరలేదు." సేవ్ కొట్టాను. ముప్పై! అందులో ఒకటి కొత్తది! నెట్‌వర్క్ లేదు కాబట్టి, సిగ్నల్ రాగానే దానంతటదే ఆఫీసుకు పోతుందని చూపించింది.

రాజవ్వ తిరిగొచ్చింది.

"అవ్వా! నీ బండ కింద వీరుడున్నడు! మీకు తెలుసా?"

"తెల్వకనే బోర్లేసినమా?" అంది.

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆమె నా చేతిలో ఫోను చూసింది, బండను చూసింది, కింద కూర్చుంది. "ఫోటో కొట్టినవా?"

"కొట్టిన."

"అయ్యో బిడ్డా" అని తల పట్టుకుంది. "గుట్ట కింద గిసోంటిదే ఇంకొకటి ఉండె. ఒక సారు వచ్చిండు. మంచోడే, నీ లెక్కనే నవ్వుకుంట మాట్లాడిండు. ఫోటోలు కొట్టిండు, కొలతలు తీసిండు, పేపర్ల గూడ ఏపిచ్చిండు. నెల తిరగలే. పొద్దుగాల పోయి చూస్తే నిలువెత్తు బొంద. నిమ్మకాయలు, కుంకుమ, కోడి ఈకలు. రాయి రెండు తునకలు. కింద బంగారముంటదని తవ్విండ్రట."

"దొరికిందా అవ్వా?"

"ఏడిది? ఎర్రమన్ను దొరికింది. అప్పుడు మా ముసలాయన, ఇంకో ముగ్గురు పాలోళ్ళు, నలుగురు కలిసి ఈ బండను బోర్లేసిండ్రు. దేవుడంటే దొంగలొస్తరు. బట్టలుతికే బండంటే ఎవడొస్తడు?"

ఆ వీరుడు వాళ్ళకూ, ఆ పాలోళ్ళకూ, అంటే దాయాదులకూ, ఇంటి పెద్దేనట. పశువుల కోసం దొంగలతో కొట్లాడి చనిపోయాడట. ఎన్ని తరాల కిందటో ఆమెకు తెలియదు. ముఖం నలగకూడదని ఇటుకలు పెట్టారు. ఏడాదికి ఒక్క రోజు, తొలకరి పడ్డాక, విత్తనం వేయకముందు, నలుగురు నాలుగు మూలలా పట్టి బండను తిరగేస్తారు. కడిగి, పసుపు రాసి, బోనం పెట్టి, చీకటి పడకముందే మళ్ళీ బోర్లేస్తారు.

"మరి మీదికెక్కి బట్టలుతుకుతే పాపం కాదా?"

"ఎందుకు పాపం? ఇంటి పెద్దోని వీపు మీద పోరగాండ్లు ఎక్కి ఆడరా? వీపు మీదనే ఉతుకుతున్నం, ముఖం మీద గాదు. తీసెయ్ బిడ్డా ఆ ఫోటో."

తీసేద్దామని చూశాను. తీసేసే మీట లేదు. నమోదు చేసిన స్థలాన్ని తొలగించాలంటే సమన్వయకర్త అనుమతి కావాలట.

"నువ్వు పెట్టినవ్, నువ్వే తియ్యలేవా? గిదేం కొలువు?" అంది రాజవ్వ. కోపంగా అనలేదు, అందుకే ఎక్కువ తగిలింది. తర్వాత చెలకలోని గుడిసెలోకి పోయి సర్వప్ప తెచ్చిపెట్టింది. పల్లీలు, నువ్వులు వేసి గిన్నెకు ఒత్తి కాల్చిన ఆ బియ్యప్పిండి రొట్టెను మా ఇంట్లో మెత్తగా చేస్తాం, ఆమె చేసింది కరకరలాడుతోంది. ఆమె పెట్టింది తింటూ ఆమెకే ద్రోహం ఎలా చేయాలా అని ఆలోచించాను. నిజం చెప్తున్నాను, పావుగంట సేపు ఆలోచించాను. ఆ పావుగంటకు ఇప్పటికీ సిగ్గుపడతాను. "ఏదో ఒకటి చేస్తనవ్వా" అని మాటిచ్చి లేచాను. ఏం చేయాలో మాత్రం తెలియదు.

భూపాలపల్లి బస్సులో: సిగ్నల్

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని యాప్‌తో కుస్తీ పట్టాను. సిగ్నల్ వచ్చే లోపు ఏం చేసినా చేయాలి. సారుకు ఫోన్ చేసి తీసేయమని అడగాలన్నా సిగ్నల్ రావాలి, సిగ్నల్ వస్తే స్థలం వివరాలు ఆఫీసుకు పోతాయి. అయినా అడిగితే ఎందుకంటారు, చెప్తే ఎగిరి గంతేసి అక్కడే బోర్డు పాతుతారు.

వెతగ్గా వెతగ్గా "సవరణ" దొరికింది. ఫోటో మార్చవచ్చు. గ్యాలరీలో వెతుకుతుంటే కనిపించింది మా ఇంటి బట్టలుతికే బండ, కారుతున్న నల్లా. అది పెట్టి, వీరుడి ఫోటో చెరిపేశాను. స్థానం కూడా మార్చవచ్చు, కానీ నెట్ లేకుండా మ్యాపు తెరుచుకోదు. ముందే దాచిపెట్టిన చోటు ఒక్కటే చూపించింది: ఇల్లు. నొక్కాను. ఇక వివరణ ఒక్కటి మిగిలింది. దాన్ని ముట్టుకుంటే ఎర్రక్షరాలు వచ్చాయి: "చరిత్ర వక్రీకరణను నివారించుటకు, ఒకసారి రాసిన వివరణను మార్చరాదు."

పక్క సీటామె నా నవ్వుకు ఉలిక్కిపడి కొంచెం జరిగి కూర్చుంది. అప్పుడే ఒక గీత సిగ్నల్ వచ్చింది, తర్వాత రెండు. బొగ్గు లారీల వెనకాల, నల్లటి దుమ్ములో, భూపాలపల్లి మొదలవుతుండగా ఫోను టింగుమంది. జనగామలో మా పెరట్లో, నల్లా పక్కన, అరుదైన వీరగల్లు నమోదైంది.

ఐదో రోజు భూపాలపల్లిలోనే ఉన్నాను గానీ ఏమీ చూడలేదు. ఇడ్లీ ప్లేటు నలభై అని, చట్నీ బాగుందని మాత్రం గుర్తు. సారు ఫోను మీద ఫోను. "మేడమ్, మీ ఇంట్లోనే ఉండి ఇన్నాళ్ళు చూసుకోలేదా! పైకి మామూలు బండలా కనిపించడమే దాని గొప్పతనం! పర్మనెంటు ఫైలు పెట్టేశాను. పరిశీలకుడు వస్తాడు, చూపించండి చాలు."

ఏం చూపించను, నా మొహం?

మళ్ళీ జనగామ

మ్యాపును అందరూ చూసేలా తెరిచారు. పరిశీలకుడు ఇదిగో వస్తాడు, అదిగో వస్తాడు అంటూనే నెల గడిచింది. ఒకనాడు పొద్దున మా ఆయన పెరట్లోంచి కేకేశాడు. పోయి చూస్తే బట్టలుతికే బండ గోడకు ఆనించి ఉంది. అది ఉన్న చోట నడుము లోతు బొంద. చుట్టూ కోసిన నిమ్మకాయలు, కుంకుమ, కోడి ఈకలు. నల్లా పైపు రెండు తునకలై నీళ్ళు చిమ్ముతున్నాయి.

సతీష్ బొందలోకి చూశాడు, నన్ను చూశాడు. బస్సులో చేసిన పని నేనప్పటిదాకా ఆయనకు చెప్పలేదు. అక్కడే నిలబడి చెప్పాను. విన్నాడు. "నా వాషర్ ఫోటోతోని ఇంత పని చేసినవా?" అన్నాడు. తర్వాత గడపలో కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఆ నిమ్మకాయలు రాజవ్వ చెలకలో పడేవి. ఆ బొంద ఆ వీరుడి కింద పడేది. నా బొటనవేలు ఒక్కటి చాలింది.

ఆ మధ్యాహ్నమే పరిశీలకుడు వచ్చాడు, శుభ్రంగా ఇస్త్రీ చొక్కాలో. బొంద చూసి మొహం వాడిపోయింది. "అయ్యో, అపహరణ! ఆలస్యం మాదే మేడమ్. వీరగల్లు దొంగల పాలైందని రాస్తాను. మీ తప్పు లేదు కాబట్టి మీ కొలువుకు ఢోకా లేదు. వివరాలన్నీ చెప్పండి, గుర్రం ఎటు తిరిగి ఉంది, ఏ చేతిలో కత్తి. మూడు జిల్లాల్లో వెతికిస్తాం."

చూడండి విడ్డూరం. తలాడిస్తే చాలు, పర్మనెంటు. సతీష్ గడపలోంచి నన్నే చూస్తున్నాడు. మూడు జిల్లాల్లో వెతికిస్తారట. గుర్రం, కత్తి, ఆవులు, బట్టలుతికే బండ. ప్రతి చెలకలోనూ వంగి చూస్తారు.

"వీరగల్లు లేదు సార్. ఎవరూ ఎత్తుకుపోలేదు. గోడకు ఆనించి ఉన్నది అదే. ఉత్త బట్టలుతికే బండ."

ఆయన బండ చుట్టూ తిరిగాడు. రెండు వైపులా నున్నగా ఉంది. "మీరు చరిత్రలో ఎమ్మే కదా?"

"అవును సార్."

"బట్టలుతికే బండకూ వీరగల్లుకూ తేడా తెలియదా మీకు?"

 బండ కింద చెయ్యి పెట్టి గుర్రం కాలు పట్టుకున్నదాన్ని.

"తెలియదు సార్" అన్నాను.

మార్చి ఆఖరుకు దండం పెట్టించారు. ఇప్పుడు మళ్ళీ కోచింగ్ సెంటర్లో చరిత్రను నాలుగు ఆప్షన్లలో అమ్ముతున్నాను. ఆ రాత్రి ఏడవలేదంటే అబద్ధం. మా ఆయన బొంద పూడ్చకుండా అందులో బొప్పాయి మొక్క పెట్టాడు, పైపు మార్చాడు, వాషర్ కూడా వేశాడు.

తొలకరి పడ్డాక ఒక ఆదివారం ఘనపూర్ బస్సెక్కాను. ఫోను ఇంట్లోనే పెట్టాను. రాజవ్వ నన్ను చూసి మొదట భయపడింది. జరిగిందంతా చెప్పాను. బొంద దగ్గరికి వచ్చేసరికి ఆపి, "మీ ఇంట్ల తవ్వినోళ్ళకు ఏం దొరికింది?" అంది.

"ఎర్రమన్ను అవ్వా."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది. "కొలువు?"

"పోయింది."

నవ్వు ఆపి నా చెయ్యి పట్టుకుంది, చాలాసేపు వదల్లేదు.

నేను పోయింది సరిగ్గా ఆ బోనం రోజునే అని నాకు తెలియదు, ఆమె చెప్తేనే తెలిసింది. బండ అప్పటికే తిరగేసి ఉంది. ఆ వీరుడి ముఖం చూశాను. మీసాలున్నాయి, ముక్కు కొస ఎప్పుడో పోయింది, ఎత్తిన చేతికి కడియం ఉంది. ఏ గడీ నింపకుండా, గర్వం ఎంతో అడగకుండా, అలా కూర్చుని చూశాను. పసుపు రాసే పని నాకిచ్చారు. బోనం పెట్టారు. పొద్దు వాలుతుండగా బోర్లేయడానికి లేచారు. రాజవ్వ ముసలాయన ఒక మూల, పాలోళ్ళు ఇద్దరు రెండు మూలలు. నాలుగో ఆయన హైదరాబాదులో వాచ్‌మన్ పనికి పోయాడట, సెలవు దొరకలేదు. పొద్దున తిరగేసేటప్పుడు ఆ మూల రాజవ్వే పట్టి నడుము నొప్పి తెచ్చుకుందట.

అందరూ నన్ను చూశారు. నాలుగో మూల నేను పట్టాను.

"మెల్లగ బిడ్డా, ఇటుకల మీద, ఆయన ముఖం పైలం" అంది రాజవ్వ. ఆయన బరువు భుజాల దాకా తెలిసింది. బోర్లేశాం. రాజవ్వ నా వైపు చూసి, "చున్నీ అంత పసుపైంది, ఇటియ్యి" అని తీసుకుని, నీళ్ళు చల్లి, ఆయన వీపు మీద రెండు దెబ్బలు వేసి ఉతికిచ్చింది.